సున్నపురాతిలోని సముద్రము

సిమెంటు వాడుకలోనికి రాకపూర్వము కోస్తా గ్రామములలో ఇల్లు కట్టువారు రెండు విధములగు సున్నమును ఎరుగుదురు. ఉప్పుటేరుల యొద్దను, సముద్రతీరమునందును ఏరి తెచ్చిన గుల్లలను బట్టీలో కాల్చి తీసినది గుల్లసున్నము. కొండరాతిని పగులగొట్టి కాల్చగా వచ్చినది రాతిసున్నము. ఇసుకతో కూడ గానుగలో నూరి గోడకు పూసిన పిదప ఏది గుల్లదో, ఏది రాతిదో చెప్పుట సులభము కాదు. రసాయనశాస్త్రపు దృష్టిలో ఆ రెంటికిని మూలపదార్థ మొక్కటియే. అది కాల్షియము కార్బనేటు.

నీటిలో తిరుగు నత్త కట్టుకొనిన ఇల్లును, కొండలో నున్న రాయియు ఒకే పదార్థముతో ఏల ఏర్పడినవి? ఈ ప్రశ్నకు సమాధానము చాలచోట్ల రాతిలోనే కనబడుచుండును. పెక్కు సున్నపురాళ్లు పుట్టినది కొండలలో కాదు, సముద్రపు అడుగున. బ్రదికి చచ్చిన కోట్లకొలది ప్రాణుల గుల్లలును, వాని పొడియు ఆ అడుగున పొరలు పొరలుగా పేరుకొని, పైబరువునకు ఒత్తుకొని, గట్టిపడి రాయి యైనవి. తరువాత నేల పైకి లేచుటచేతనో, సముద్రము వెనుకకు తగ్గుటచేతనో ఆ రాయి బయటపడినది. పొడికాక మిగిలిన గుల్లలును, వాని అచ్చులును ఆ రాతిలో నేటికిని నిలిచియున్నవి. వానినే శిలాజములందురు.

అట్లైనచో ప్రతి సున్నపురాతిలోను గుల్లలు కనబడవలెను గదా యని తోచవచ్చును. రాయలసీమ ఇండ్లలో పరచు కడప బండలలో పెక్కు సున్నపురాతి జాతివే. కాని ఎంత వెదకినను వానిలో ఒక్క నత్తగుల్లయు దొరకదు. ఇది వెదకువాని లోపము కాదు. గుల్లలును, పెంకులును గల జంతువులు భూమిపై విస్తారముగా కనబడ నారంభించి సుమారు 54 కోట్ల సంవత్సరములైనది. కడప జిల్లాలోని వేంపల్లె ప్రాంతపు సున్నపు జాతి రాళ్లు 180 కోట్ల సంవత్సరముల కంటె ప్రాచీనములు. అవి పేరుకొనిన నాడు గుల్ల కట్టుకొను ప్రాణియే పుట్టలేదు. వానిలో కానవచ్చునవి, సూక్ష్మజీవులు ఆ నీటి అడుగున తమ జిగురుతో మట్టిని పట్టి పొరమీద పొరగా కట్టిన గుబ్బలు మాత్రమే. అడ్డముగా కోసిన ఉల్లిపాయవలె నుండు ఆ గుర్తులను స్ట్రొమటోలైటు లందురు.

కొన్ని పలకరాళ్లను విడదీసినపుడు లోపల చెట్టుకొమ్మలవలెను, నాచువలెను నల్లని చక్కని గీతలు కనబడును. మొదటిసారి చూచినవారు దానిని శిలాజమనియే నమ్ముదురు. అద్దములో బిగించి గోడకు తగిలించుకొనినవారును కలరు. అది చెట్టును కాదు, నాచును కాదు. రాతి సందులలో ఇంకిన నీరు విడిచిపోయిన మాంగనీసు మరక. గుల్ల పెరుగుటలో ఒక క్రమముండును. దాని గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియవలెనో నియమముండును. మరకకు అట్టి నియమము లేదు. పగులున్నంతవరకు అది ప్రాకును.

గుల్లల రాతిని చూడగోరువారు ఇంతకంటె చిన్న వయస్సు గల రాళ్లను వెదకవలెను. దక్షిణభారతమున అట్టి రాళ్లకు పేరుపొందిన చోటు తమిళనాడులోని అరియలూరు ప్రాంతము. ఇది తిరుచిరాపల్లికి ఈశాన్యమున, సముద్రతీరమునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్న మెట్టభూమి. నేడక్కడ అల యను మాట లేదు. కాని క్రెటేషియస్ యుగమున, అనగా నేటికి సుమారు 14 కోట్ల 50 లక్షల సంవత్సరములు మొదలు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల వరకు గల దీర్ఘకాలపు ఉత్తరార్ధమున, సముద్రము ఈ నేలమీదికి పలుమారులు వచ్చి వెనుకకు పోయినది. వచ్చిన ప్రతిసారియు తన అడుగునుండి కొంత మట్టిని, కొంత ఇసుకను, కొంత సున్నపురాతిని విడిచినది. వానలకు కోసుకుపోయిన గట్లలోను, వాగుల యొడ్డులందును, రాతిగనుల గోడలలోను ఆ పొరలు నేడు బయటపడి యున్నవి. గరుడమంగళము కడ దొరకు సున్నపురాయి గుల్లలతో ఎంత క్రిక్కిరిసి యుండుననగా, దానిని సానపట్టి నునుపు చేసినపుడు గుల్లలే రాతికి చిత్రపు పనియై కనబడును. దానికి తిరుచిరాపల్లి పాలరాయి యను పేరు వచ్చినది. నిజమునకది పాలరాయి కాదు. కోసి మెరుగుపెట్టిన గుల్లల రాశి.

ఈ గుల్లలు పండితుల కంటబడిన కథ పంతొమ్మిదవ శతాబ్ది నడుమ మొదలైనది. చెన్నపట్నపు సివిలు ఉద్యోగియగు కే యను నతడును, కన్‌లిఫ్ అను మరియొకడును తిరుచిరాపల్లి, వృద్ధాచలము, పుదుచ్చేరి ప్రాంతములలో గుల్లలను ఏరి లండనుకు పంపిరి. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి 1846లో తన నివేదికను ప్రకటించెను. యూరపులోని క్రెటేషియస్ రాళ్లలో దొరకు గుల్లలతో వీనిని సరిపోల్చి, ఈ రాళ్లును ఆ యుగమునకే చెందినవని ఆయన నిర్ణయించెను. వేల మైళ్ల దూరముననున్న రాతి వయస్సును బల్లమీది గుల్లలను చూచి చెప్పగలుగుట సామాన్యమగు పని కాదు. అయినను ఆయన ఒకచోట పొరబడెను. పుదుచ్చేరి గుల్లలు మిగిలినవానికంటె ప్రాచీనములని ఆయన తలచెను. అవి క్రెటేషియస్ యుగపు తుదిభాగమునకు చెందినవని, అనగా కడగొట్టువానిలోనివని, ఆ శతాబ్ది చివర వియన్నా పండితుడగు ఫ్రాంజ్ కొస్‌మాట్ నిరూపించెను. పెట్టెలో వచ్చిన గుల్లకు పేరు పెట్టవచ్చును గాని, ఏ పొర క్రింద ఏ పొర యున్నదో పెట్టె చెప్పజాలదు.

ఆ పనికై నేలమీద నడువవలసి యుండెను. భారత భూగర్భ సర్వేక్షణశాఖకు చెందిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఈ ప్రాంతమంతయు తిరిగి, రాళ్లను క్రిందినుండి పైకి ఉత్తతూరు వర్గము, తిరుచిరాపల్లి వర్గము, అరియలూరు వర్గము అని మూడు దొంతరలుగా విభజించెను. ఆ దొంతరలలోని గుల్లలను వర్ణించు భారము ఫెర్డినాండ్ స్టొలిచ్కాపై బడెను. ఈయన నేటి చెక్ దేశములోని మొరేవియాలో 1838లో జన్మించెను. 1862లో సర్వేక్షణశాఖలో చేరెను. తరువాతి పదునొకండు సంవత్సరములలో అమ్మొనైట్లను, నత్తలను, ఆల్చిప్పలను, పగడములను వర్గమువెంట వర్గముగా పరీక్షించి, ప్రతిదానికి బొమ్మ వ్రాయించి, దక్షిణభారత క్రెటేషియస్ జీవులను గూర్చి పెద్ద సంపుటములను వెలువరించెను. నేటికిని అరియలూరు గుల్లకు పేరు పెట్టదలచువారు ఆ పుటలను త్రిప్పక తప్పదు. 1874లో యార్కండు యాత్రనుండి మరలివచ్చుచు లడఖ్ మార్గములోని ఎత్తైన కనుమలు దాటునపుడు జబ్బుపడి ఆయన కాలధర్మము నొందెను. అప్పటికి ఆయనకు ముప్పదియారేండ్లు. లేహ్‌లో ఆయన స్మారకస్తంభము కలదు.

ఇక చేతికి దొరకిన గుల్లను గుర్తించు విధము. మొట్టమొదట తెలియవలసినది, చేతిలోనున్నది గుల్లయా, గుల్ల యొక్క అచ్చా అనునది. చచ్చిన నత్త గుల్లలోనికి మట్టి నిండి గట్టిపడును. తరువాత గుల్ల కరగిపోయినచో లోపలి మట్టిముద్ద మాత్రము మిగులును. ఇది లోపలి అచ్చు. పోతపోయువాడు మూసలోనుండి తీసిన బొమ్మవంటిది. దీనిపై గుల్ల వెలుపలి నగిషీ ఉండదు. లోపలి ఆకారమే ఉండును. అట్లే గుల్ల వెలుపలి గీతలు చుట్టునున్న రాతిపై ముద్రపడి మిగులుటయు కలదు. ఒకే నత్తయొక్క లోపలి అచ్చును, వెలుపలి ముద్రను చూచి రెండు వేరువేరు ప్రాణులని భ్రమపడుట క్రొత్తవారికి సహజము.

ఏ గుల్ల కరగును, ఏ గుల్ల నిలుచును అనుదానికిని కారణము కలదు. కాల్షియము కార్బనేటు రెండు రూపములలో దొరకును. అరగొనైటు అనునది ఒకటి, కాల్సైటు అనునది రెండవది. అరగొనైటు త్వరగా కరగును లేదా మారిపోవును. కాల్సైటు నిలుకడ గలది. నత్తలును, అమ్మొనైట్లును అరగొనైటుతో గుల్ల కట్టుకొనునవి. కావున వాని లోపలి అచ్చులే ఎక్కువగా దొరకును. ఆల్చిప్పలలో రాళ్లనంటి పెరుగు ఆయిస్టరు జాతి కాల్సైటు పెంకు గలది. అది పొరలు పొరలుగా నిన్న మొన్న పారవేసిన చిప్పవలె నిలిచియుండును. దీనినిబట్టి ఒక జాగ్రత్త నేర్చుకొనవలెను. ఒక రాతిలో ఆయిస్టరు చిప్పలు మాత్రమే కనబడినంత మాత్రమున ఆ సముద్రములో అవి మాత్రమే యుండెనని తలపరాదు. తక్కినవి కరగిపోయి యుండవచ్చును.

తరువాతి ప్రశ్న గుల్ల యొక్క సౌష్ఠవమును గూర్చినది. దానిని రెండు సమానభాగములుగా కోయవలసినచో కత్తిని ఎక్కడ పెట్టవలెను? రెండు చిప్పలు గల ప్రాణులను గుర్తించుటలో ఈ ప్రశ్నయే తాళపుచెవి. ఆల్చిప్పను తీసికొనుడు. దాని రెండు చిప్పలు కుడిచేయి, ఎడమచేయివలె ఒకదానికొకటి ప్రతిబింబములు. కాని ఏ ఒక్క చిప్పను విడిగా చూచినను దాని ముందుభాగము, వెనుకభాగము సమానముగా నుండవు. కొన ఒక ప్రక్కకు వంగి యుండును. కావున కత్తి రెండు చిప్పల నడుమనుండి పోవలెను. బ్రాకియోపాడ్ అను మరియొక ప్రాణి కలదు. చూపునకు అదియు రెండు చిప్పలదే. పూర్వకాలపు సముద్రములలో ఇవి విస్తారముగా నుండెడివి. నేడు కొలదిగా మిగిలినవి. దీని రెండు చిప్పలు సమానములు కావు. ఒకటి పెద్దది, మరియొకటి చిన్నది. కాని ఏ చిప్పనైనను నడుమ నిలువుగా కోసినచో రెండు సగములు సరిగా సరిపోవును. పెద్దచిప్ప కొనయందు తరచుగా చిన్న రంధ్రముండును. ఆ రంధ్రమునుండి వెలువడిన తొడిమతో అది రాతిని పట్టుకొని బ్రదికెడిది. పురాతన రోములోని నూనెదీపములవలె కనబడుటచే యూరపువారు దీనిని దీపపు చిప్ప యందురు. మన ప్రమిదకు నిలువుమూత పెట్టినట్లు ఊహించుకొనిన చాలును.

ఈ నియమమునకు భంగము కలుగు తావులును లేకపోలేదు. ఆయిస్టరు చిప్ప తానంటుకొనిన రాతి వంపునుబట్టి వంకరలు పోవును. దాని చిప్పలు రెండును సమానములు కావు. అపుడు సౌష్ఠవమును విడిచి, లోపలి కండర గుర్తును, పెంకు పొరలను, చిప్పలు కలియు మడతను చూడవలెను. నియమమును మాత్రమే పట్టుకొని చూచువాడు ఇక్కడ తప్పక మోసపోవును.

అయిదు చొప్పున లెక్కకు వచ్చు గుర్తులున్నచో అది సముద్రపు అర్చిన్. జీవించియున్నపుడు దాని యొడలంతయు ముండ్లు. చచ్చిన తరువాత ముండ్లు రాలి, బొత్తామువలెనో, చిన్న బన్నురొట్టెవలెనో పెంకు మిగులును. పైన నక్షత్రమువలె అయిదు రేకులు గల సన్నని రంధ్రముల వరుసలు కనబడును. మధ్యనుండి చుట్టును సన్నని గోడలు చక్రపు ఆకులవలె బయలుదేరిన చిన్న చిన్న గిన్నెలు గుంపుగా నున్నచో అవి పగడములు. అరియలూరుకు సమీపమున కళ్లకుడి యొద్ద పగడములును, సున్నపు నాచులును కలిసి కట్టిన సున్నపురాయి కలదు. తుపాకి గుండువలె ఒక కొన మొనదేలి, గోధుమరంగుతో నునుపుగా నుండునది బెలెమ్‌నైటు. అది నేటి సముద్రములలోని స్క్విడ్ జాతికి చుట్టమగు ఒక ప్రాణి యొడలిలోపలి కడ్డీ. విరిగినచోట చూచినచో నడుమనుండి అంచులకు కిరణములవలె కాల్సైటు పోగులు వ్యాపించి యుండును. కరై గ్రామపు గట్లలో ఇవి నేలమీదనే దొరకును.

అన్నిటికంటె అందమైనది, అన్నిటికంటె ముఖ్యమైనది అమ్మొనైటు. తెలుగువారికి ఇది క్రొత్తది కాదు. నేపాలములోని గండకీనదినుండి వచ్చి దేవతార్చనలో పూజలందుకొను శాలగ్రామములలో చక్రము గలవి పెక్కు అమ్మొనైటు అచ్చులే. అవి హిమాలయములు లేవకపూర్వము అక్కడ నుండిన సముద్రపు బురదలో పుట్టి నల్లని రాయియైనవి. అరియలూరు అమ్మొనైట్లు వాని కంటె తరువాతివి. చేతిలో ఇముడు చిన్నవి మొదలు ఎత్తుటకు ఇద్దరు మనుష్యులు కావలసిన పెద్దవి వరకు ఈ జాతిలో కలవు. జర్మనీ దేశములో 1895లో దొరకిన యొకదాని అడ్డుకొలత సుమారు 1.74 మీటర్లు, అనగా మనిషి నిలువెత్తు.

చుట్టగా చుట్టుకొని యున్నదెల్ల అమ్మొనైటు కాదు. నత్తయు చుట్టుకొనును. కాని నత్తగుల్ల లోపల మొదటినుండి చివరివరకు ఒకే గొట్టము, నడుమ గోడలు సాధారణముగా ఉండవు. అది తరచుగా మెట్లవలె ఎత్తుగా పెరుగును. అమ్మొనైటు తరచుగా ఒకే తలములో, చాపచుట్టవలె చుట్టుకొనును; లోపల అడ్డుగోడలచే గదులు గదులుగా విభజింపబడి యుండును. ప్రాణి వెలుపలి గదిలో మాత్రమే నివసించును. పెరిగినకొలది వెనుకనున్న తావును గోడకట్టి మూసి ముందునకు జరుగును. మూసిన గదులలోని నీటిని తోడి గాలి నింపుకొని నీటిలో తేలును.

ఇంతవరకు సులభమే. అసలు చిక్కు నాటిలస్ అను ప్రాణితో వచ్చును. నాటిలస్ గుల్లయు చాపచుట్టయే. దానికిని గదులు కలవు. అదియు తేలుచు బ్రదుకును. అయినచో రెంటికిని భేదమెట్లు తెలియును? లోపలి అచ్చుపై అడ్డుగోడ గుల్లనంటిన చోట ఒక గీత పడియుండును. దీనిని సంధిరేఖ యందురు. నాటిలస్ సంధిరేఖ సాదాగా, విల్లువలె కొంచెము వంగి యుండును. క్రెటేషియస్ అమ్మొనైటు సంధిరేఖ కొత్తిమీర ఆకు అంచువలె కొమ్మలు కొమ్మలై, మడతలు మడతలై యుండును. గదులను కలుపు సన్నని గొట్టము నాటిలస్‌లో గోడ నడుమ భాగమునుండి పోవును. అమ్మొనైటులో గుల్ల వెలుపలి అంచునంటి పోవును. అచ్చుపై మట్టియున్నచో కుంచెతోను, మొద్దు సూదితోను మెల్లగా తీసి, తడిగుడ్డతో తుడిచి, భూతద్దముతో చూచినచో ఆ గీత బయటపడును. సుత్తి ఇక్కడ పనికిరాదు. తొందరపడి గీకినచో మట్టితోపాటు గీతయు పోవును. గీత పోయిన అచ్చు చూచుటకు అందముగానే యుండును గాని, తానెవరో చెప్పజాలదు.

ఒక్క గీతకు ఇంత పట్టింపు దేనికని అడుగవచ్చును. అమ్మొనైట్లు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, డైనోసారులు నశించిన కాలముననే, సముద్రములన్నిటిలోను నశించినవి. నాటిలస్ జాతి మాత్రము ఆ ప్రళయమును దాటి నేటికిని పసిఫిక్ మహాసముద్రపు లోతులలో జీవించుచున్నది. అరియలూరు దొంతరల పైభాగమున నినియూరు పొరలనునవి కలవు. మొదట వానిని అరియలూరు వర్గములోనే చేర్చిరి. కాని వానిలో నాటిలస్ జాతి గుల్లలు దొరకినవే గాని, అమ్మొనైటు దొరకలేదు. ఆ కారణముచేతను, మరికొన్ని గుల్లల సాక్ష్యముచేతను ఆ పొరలు ప్రళయము తరువాతివని తేల్చిరి. రెండు పొరలు ఒకదానిమీద నొకటి ప్రశాంతముగా పరుండి యుండును.  నడుమ ఒక యుగము ముగిసిపోయినది. నాటిలస్‌ను చూచి అమ్మొనైటని వ్రాసికొనినవాడు చచ్చిపోయిన జాతిని బ్రదికించినవా డగును. అంతేకాదు, రాతి వయస్సును తారుమారు చేసినవా డగును.

అందుచేతనే శిలాజమును ఏరువాడు గుల్లతోపాటు చీటిని కూడ తయారు చేయవలెను. ఏ గ్రామము, ఏ వాగు లేక ఏ గని, ఏ పొర, పొర క్రిందినుండి ఎంత ఎత్తున దొరకినది, ఏ దినము అనునవి అక్కడనే, అప్పుడే వ్రాసి గుల్లతో కలిపి పొట్లము కట్టవలెను. ఇంటికి వచ్చిన తరువాత వ్రాయుదమనుకొనినవాని పెట్టెలో సాయంకాలమునకు అన్ని గుల్లలును ఒకే ఊరివై కూర్చుండును. వాగులో దొర్లుచున్న గుల్లను కొండపొరనుండి తీసిన గుల్లతో కలుపరాదు. వాగు దానిని ఎక్కడనుండి తెచ్చినదో వాగునకే తెలియవలెను. రాతిని తాకుటకు ముందు నేల యజమాని అనుమతిని పొందుటయు, పొరలో గట్టిగా నున్నదానిని పెకలింపక బొమ్మ గీసికొని విడుచుటయు మంచివారి పద్ధతి.

అరియలూరు చుట్టును సిమెంటు కర్మాగారములు కలవు. గుల్లలు పేర్చిన ఆ సున్నపురాయియే వానికి ముడిసరకు. గని త్రవ్వనిదే లోపలి పొరలు మనుష్యుని కంటబడెడివి కావు. త్రవ్విన పొర మరలదు. గని గోడలో ఉదయము బయటపడిన అమ్మొనైటు మరుసటి దినమునకు పొడియై కొలిమికి పోవచ్చును. ఈ రెండు మాటలును నిజమే. ఇండ్లకు సిమెంటు అక్కరలేదని చెప్పువారెవరును లేరు. కావుననే పొరలను కొలిచి, గుల్లలను చీటితో సహా భద్రపరచు మనుష్యుడు గని త్రవ్వువానితోపాటు అక్కడ నుండుట ఎంతయు అవసరము.

ఇట్టి గుల్లలు ఆంధ్రదేశములోను లేకపోలేదు. రాజమహేంద్రవరము సమీపమున గోదావరికి ఇరువైపులను, తూర్పున కాటేరు కడను, పడమట పంగిడి, దుద్దుకూరు కడను, భూమినుండి వెలువడిన లావా గడ్డకట్టిన నల్లరాతి దొంతరలు కలవు. వానిని కంకరకై త్రవ్వుచుందురు. పడమటి కనుమలనుండి వేయి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన దక్కను లావాయే ఇక్కడ ఆగినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ నల్లరాళ్ల క్రిందను, రెండు నల్లరాళ్ల నడుమను తెల్లని సున్నపురాతి పొరలు పలుచగా కనబడును. దుద్దుకూరు కడ నల్లరాతికి క్రిందనున్న పొరలో టర్రిటెల్లా యను పొడవైన మరచుట్టు నత్తలు గుంపులుగా నున్నవి. అది సముద్రపు నత్త. కాటేరు కడ రెండు లావాల నడుమ పొరలో ఏటిముఖములయందు బ్రదుకు గుల్లలును, సున్నపు నాచులును దొరకినవి. మధ్యభారతములో ఇట్టి నడిమి పొరలయందు ఫైసా యను మంచినీటి నత్త దొరకును. కావున నాడు లోపలి దేశమున చెరువులును, గోదావరి కడ సముద్రమును ఉండెనని నత్తలే చెప్పుచున్నవి.

కాని ఆ లావా ఎప్పటిది? నాగపురములో నివసించిన స్టీఫెన్ హిస్లప్ 1860లో ఈ నడిమి పొరల గుల్లలను వర్ణించి, అవి అమ్మొనైట్ల యుగము గడచిన తరువాతివని తలచెను. తరువాతివారిలో కొందరు కాదనిరి, కొందరు ఔననిరి. నత్తలు ఈ తగవును తీర్చలేకపోయినవి. ఏలయన పెక్కు నత్తజాతులు ఆ ప్రళయమునకు ఇరుప్రక్కలను ఒకే తీరుగ నుండును. ఇక్కడ అమ్మొనైటు దొరకలేదు. దొరకకపోవుట యొకటే సాక్ష్యము కాజాలదు. 2008లో గెర్టా కెల్లర్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును రాజమహేంద్రవరపు గనులలోని నడిమి పొరలనుండి తెచ్చిన మట్టిని కడిగియు, రాతిని పలుచని రేకులుగా కోసియు సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించిరి. వారు వెదకినది ఇసుకరేణువుకంటె చిన్నవగు ఫొరామినిఫెరా యను ఏకకణజీవుల గుల్లలను. ఇవియు సున్నపు గుల్లలే. ఇవియు గదులు గదులుగా పెరుగును. నీటిలో తేలుచు బ్రదుకునట్టివి ఆ ప్రళయములో దాదాపుగా తుడుచుకొనిపోగా, తరువాత క్రొత్త జాతులు పుట్టినవి. గోదావరి యొడ్డున రెండు లావాల నడుమ దొరకినవి ఆ క్రొత్త జాతులలో మొట్టమొదటివి. అనగా క్రింది లావా పారినది అమ్మొనైట్లు కడతేరిన కాలమునకు చేరువలో. తరువాత కొంతకాలము సముద్రము దానిపై నిలిచినది. పిమ్మట మరల లావా వచ్చి ఆ సముద్రపు అడుగును కప్పివేసినది.

కాటేరు గనిలో కంకర కొట్టువారి చేతిలో నల్లరాయితోపాటు ఆ తెల్లని పొర పెళ్లలును విరిగి పడుచుండును. నల్లరాయికి ధర కలదు గనుక బండ్లకెత్తుదురు. తెల్లపెళ్లలను గని ప్రక్కన కుప్పగా పోయుదురు. వాన కురిసి కడిగిన తరువాత ఆ కుప్పలలో నత్తగుల్లల చుట్లు పైకి తేలి కనబడును.